బావ బావిలో పది గజాల లోతు

బేరమాడటంలో నాకు సాటి వచ్చేవాడు కరీంనగర్ బజారులో అప్పుడూ లేడు, ఇప్పుడూ లేడు. ఎనిమిది వందలు అడిగిన మనిషిని ఐదు వందలకు దించాను. ఎంత గట్టిగా దించానంటే ఆ మనిషి అసలు రాకుండానే పోయాడు. దాంతో నలభై ఆరో ఏట, ఈత రాని నేను, వీపుకు గాలి సిలిండరు కట్టుకుని ఒక వ్యవసాయ బావిలో పది గజాల నీళ్ళ అడుగుకు దిగాను. మూడు వందల రూపాయల కోసం అంత లోతుకు పోయిన వ్యాపారి ఇంకొకడుంటే చూపించండి, దండం పెడతాను.

మాది ఇనుప సామాన్ల అంగడి. గొలుసులు, మేకులు, తాళ్ళు, పాత ఇనుము. మా అక్కను చొప్పదండి పక్క ఊరికి ఇచ్చారు. మా వాళ్ళందరూ తరాజు పట్టుకుంటే మా బావ ఒక్కడు నాగలి పట్టుకున్నాడు. మూడెకరాల పొలం, ఒక బావి. ఆ బావి గోడల నడుమ అడ్డంగా రెండు ఇనుప గర్డర్లు వేసి, వాటి మీద మోటరు కూర్చోబెట్టారు. ఆ గర్డర్లు అమ్మింది నేనే. పాతవి. తుప్పు గీకి, ఎర్ర రంగు రెండు పూతలు పూసి, "మనుమల దాక ఉంటయి బావా" అని చెప్పి అమ్మాను. సొంత బావకు అమ్మేటప్పుడు నోరు కొంచెమైనా తడబడాలి కదా, తడబడలేదు.

యాసంగి వరి పొట్టకు వచ్చిన రోజుల్లో ఒక పొద్దున బావ మా అంగడికి వచ్చి, కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"బామ్మర్దీ, నీ గర్డరు ఇరిగింది."

"ఇరుగుడేంది బావా? ఇనుము గదా."

"ఇనుమే. పైన రంగు, లోపట గుల్ల. మోటరు పోయి బావిల పడ్డది. పది దినాల్ల నీళ్ళియ్యకుంటే ఇగ వరి కాదు, గడ్డి కోసుకోవాలె."

"ఫికర్ జెయ్యకు. కొత్త మోటరు ఇప్పిస్త పా."

"నాకద్దు. బామ్మర్ది మోటరుతోని పొలం పారిచ్చుకున్నడని ఊరోళ్ళు నేను సచ్చేదాక అంటరు. నా మోటరు నాకు తీసియ్యి. గంతే."

ఊళ్ళో ఈత బాగా వచ్చినవాళ్ళు ఇద్దరు అప్పటికే మునిగి చూశారట. మోటరు చేతికి తగిలింది. కానీ అది విరిగిన గర్డరు కింద పక్కకు ఒరిగి బురదలో దిగబడింది. బురద తీసి, గొలుసు చుట్టి, కొండి బిగించాలంటే పావుగంట పని. బిగబట్టిన ఊపిరికి అంత వ్యవధి ఎక్కడిది? పైకి వచ్చి దగ్గుతూ కూర్చున్నారు.

ఇక్కడ మా అంగట్లో వేలాడుతున్న ఒక సామాను సంగతి చెప్పాలి. మానేరు డ్యామ్ పని ముగిసి కాంట్రాక్టరు క్యాంపు ఎత్తేసినప్పుడు మిగిలిన మాలు వేలం వేశారు. నేను గొలుసుల కోసం పాడాను. గొలుసులతో పాటు అదే కుప్పలో రెండు గాలి సిలిండర్లు, నోట్లో పెట్టుకునే రబ్బరు గొట్టం, ముఖానికి పెట్టుకునే అద్దం, బాతు కాళ్ళ లాంటి రబ్బరు పాదాలు వచ్చాయి. నీటి అడుగున పని చేసేవాళ్ళ సరంజామా. మూడేండ్లు గుమ్మం పక్కన వేలాడదీశాను. వచ్చినవాళ్ళు "సేటూ, గిది పత్తికి మందు గొట్టే మిషనా?" అని అడిగేవారు. ఒకరిద్దరికి అవునన్నాను కూడా. అయినా కొనలేదు.

ఆ సరంజామా వాడిన మనిషి డ్యామ్ కట్ట మీదే ఉన్నాడు. కాకినాడ వైపు వాడు. డ్యామ్ గేట్ల దగ్గర నీళ్ళలో పని చేసీ చేసీ ఎడమ చెవి పోగొట్టుకున్నాడు. లోతుకు దిగితే రెండో చెవి కూడా పోతుందని డాక్టర్లు చెప్పాక కట్ట మీద టీ కొట్టు పెట్టుకున్నాడు. ఆయన దగ్గరికి పోతే, చెన్నూరు దగ్గర గోదావరిలో వంతెన పని మీద తన దోస్తు ఒకడున్నాడని, ఎనిమిది వందలిస్తే వచ్చి ఒక పూటలో తీసేస్తాడని చెప్పాడు. నేను ఐదు వందలని కబురు పెట్టాను. ఎదుటివాడు ఏడు అంటాడు, నేను ఆరు అంటాను, ఆరున్నరకు తెగుతుంది, ఇదీ నా లెక్క. రెండో రోజున జవాబు వచ్చింది. ఆ మనిషి చాందా దిక్కు ఇంకో పనికి వెళ్ళిపోయాడు. పది రోజుల్లో రెండు రోజులు నా బేరం మింగేసింది.

మూడో రోజు అక్క వచ్చింది. నీళ్ళిస్తే తాగలేదు.

"తమ్మీ, గర్డర్లు నువ్వే ఇచ్చినవని మీ బావ ఊర్ల ఒక్కనికి జెప్పలే. ఎవలన్న అడిగితే హైదరాబాదుల కొన్న అంటుండు. పేరు బయటపడితే నీ అంగడి ముంగట ఎవ్వడు నిలవడడని."

నేను తాళ్ళ చుట్టలు సర్దుతూ నిలబడ్డాను. సర్దడానికేమీ లేదు, అన్నీ సర్దే ఉన్నాయి.

"నాకైతే ఎరుకే గదా," అని లేచి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమే మళ్ళీ డ్యామ్ కట్ట మీదికి పోయాను. టీ కొట్టాయన నా మొహం చూసి నవ్వాడు. "సామాను మీ కొట్లోనే ఉంది సేటుగారూ, మనిషే లేడు. పోనీ మీరే దిగండి."

ఆయన హాస్యానికే అన్నాడు. నేను మాత్రం దాన్ని ధర చెప్పినట్టే విన్నాను. "ఎన్ని దినాలు పడుతది?" అని అడిగాను.

ఇంట్లో నా భార్యకు చెప్పాను. "గల్లపెట్టె తాళాలు ఇంట్లనే పెట్టి పో," అంది.

గోదావరిఖనిలో ఒక రిటైర్డు మెకానిక్ దగ్గర సిలిండర్లలో శుభ్రమైన గాలి నింపే మిషన్ ఉంది. అక్కడ నింపించుకుని బస్సెక్కబోతే కండక్టరు అడ్డం నిలబడ్డాడు.

"గ్యాస్ సిలిండర్లు బస్సుల ఎక్కియ్యద్దు."

"గ్యాస్ గాదు సార్, గాలి."

"గాలా? గాలికి సిలిండరెందుకు? బయట లేదా?"

"బయటది ఫిరీగొచ్చింది. గిది కొన్నది."

"ఎంత వెట్టి కొన్నవ్?"

చెప్పాను. బస్సంతా నవ్వింది. రెండు లగేజీ టికెట్లు కొట్టి, వెనక సీటు కింద పెట్టించాడు. కరీంనగర్ వచ్చేదాకా జనం ఒంగి ఒంగి ఆ సిలిండర్లను చూశారు.

డ్యామ్ అంచున, మనిషి లోతు దాటని చోట, నా చదువు మొదలైంది. టీ కొట్టాయనే నాకు గురువు. మొదటి రోజు మునగడమే రాలేదు. నీళ్ళంటే భయమున్నవాడు ఇట్టే మునిగిపోతాడని ఇన్నాళ్ళూ అనుకునేవాణ్ణి. సిలిండరు కట్టుకుంటే పైపైకి తేలిపోతున్నాను. నడుముకు బరువు కట్టాలన్నాడు గురువు. సీసం బరువులు ఎక్కడ తేను? అంగట్లో తూకం రాళ్ళున్నాయి కదా అని తెచ్చాను.

"ఆరు కిలోలు కట్టండి."

"నాలుగు సాలవా?"

"నీళ్ళతో కూడా బేరమేనా సేటుగారూ?"

ఆరు కిలోల రాళ్ళు గోనెగుడ్డ పటకాలో కుట్టి కట్టుకుని దిగాను. తేలాను. గురువు తల గోక్కున్నాడు. "మీ ఒంటికి ఆరు బాగా సరిపోవాలే. రాళ్ళు సరిగ్గానే ఉన్నాయా?"

నేను దూరంగా చేపలు పట్టేవాళ్ళ వైపు చూశాను. అవి మా నాయన కాలం నాటి రాళ్ళు. వాడి వాడి అరిగాయి. అరగనివి కొనాలని మాకెప్పుడూ తోచలేదు. "ఏడు కడుదాం," అన్నాను. ఏడు కట్టాక మునిగాను. గురువు ఇంకేమీ అడగలేదు కానీ, ఆ రోజు నుంచి ఆయన టీ కొట్టుకు మేకులు, తాళ్ళు ఇంకో అంగట్లో కొంటున్నాడని తరవాత తెలిసింది.

ముక్కు పట్టుకుని ఊది చెవులు తెరుచుకోవడం రెండు పూటల్లో పట్టుబడింది. అద్దంలోకి వచ్చిన నీళ్ళు ముక్కుతో ఊది తోసేయడం కూడా వచ్చింది. రానిది ఒక్కటే. అదీ అన్నిటికంటే ముఖ్యమైనది. ఊపిరి ఆపకూడదు.

ప్రతి రోజూ గురువు నా ముందు కూర్చుని ఒకే మాట చెప్పేవాడు. "పీల్చండి, వదలండి. పీల్చండి, వదలండి. ఏం జరిగినా ఆపొద్దు." నేను నీళ్ళలోకి పోగానే ఆపేవాణ్ణి. భయంతో కాదు, పొదుపుతో. ఒక్కో సిలిండరు గాలికి నలభై రూపాయలిచ్చాను. పీల్చిన గాలిని అరక్షణంలో బుడగలు చేసి వదిలేస్తుంటే గల్లపెట్టె తెరిచి రోడ్డు మీద చల్లినట్టుండేది. ఒకసారి పీల్చింది బాగా అరిగేదాకా వాడుకుని వదలాలి కదా.

చదువు మూడో రోజు కొంచెం లోతున్న చోటికి తీసుకుపోయాడు. వెళ్ళేటప్పుడు వివరంగా చెప్పాడు. "ముప్పై అడుగుల లోతున పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలవుద్దండి."

"కింద ఒక శేరు కొంటే మీద రెండు శేర్లా?" అన్నాను. "గసుంటి మాలు ఎవడన్న ఇడిచిపెడతడా?"

ఆయన నవ్వలేదు. "ఆ రెండో శేరు పట్టడానికి మీ గుండెలో చోటు లేదండి. పట్టుకుంటే చించుకుని పోద్ది. బుడగల్లో చిన్న బుడగ ఉంటుందే, దాని కంటే ముందు పైకి రాకండి. వస్తూ గాలి వదులుతూనే ఉండండి. ఈ ఒక్కటీ రాకపోతే మిమ్మల్ని బావిలోకి దింపను."

ఆ రోజు పైకి వచ్చేటప్పుడు కూడా ఆపాను. తెలిసి ఆపలేదు. నలభై ఆరేండ్లు వచ్చింది పట్టుకోవడమే అలవాటైన ఒళ్ళు అది. ఛాతీలో ఎవరో మోకాలు పెట్టి తొక్కినట్టయింది. నీళ్ళ మీదికి రాగానే గురువు నా గొట్టం లాగి చెంప మీద ఒక్కటి వేశాడు. కట్ట మీద బట్టలు ఉతికేవాళ్ళు కూడా చూశారు.

"ఇంటికెళ్ళండి," అన్నాడు. "మీ చావు నా మెడకి చుట్టొద్దు."

నేను గట్టు మీద కూర్చున్నాను. అప్పటికి ఐదు రోజులు పోయాయి, ఇంకా ఐదున్నాయి. అక్క వాళ్ళ పొలం, పాలు పోసుకోవాల్సిన కంకులు, బావ చెబుతున్న ఆ హైదరాబాదు అబద్ధం, అన్నీ మోకాళ్ళ మీద కూర్చున్నట్టున్నాయి. ఏం తోచక ఎదురుగా ఉన్న రాళ్ళు లెక్కపెట్టాను. లెక్కపెట్టడమంటే మా ఇంట్లో లెక్కపెట్టినట్టే, వడ్లు కొలిచేటప్పటి పాటలాగా. అప్పట్లో వడ్ల వ్యాపారం కూడా చేసే మా నాయన మానికతో కొలుస్తుంటే మొదటిదాన్ని ఒకటి అనేవాడు కాదు. "లాభం... లాభం... లాభం" అని సాగదీసి, తరవాత "రెండు... రెండు... రెండు" అనేవాడు. కింద పడ్డ గింజ లెక్క తప్పకుండా, నోరు ఆగకుండా. ఆరేండ్ల వయసు నుంచి నేనూ అట్లాగే కొలిచాను.

కొలిచేవాడి నోరు ఆగదు. నోరు ఆగకపోతే గాలి ఎట్లా ఆగుతుంది?

లేచి గురువు దగ్గరికి పోయి, "ఇంకొక్కసారి సూడుండ్రి," అన్నాను. ఆయన ఒప్పుకోవడానికి రెండు టీలంత సేపు పట్టింది. దిగి, పైకి వస్తూ, రబ్బరు గొట్టం పండ్ల మధ్య పెట్టుకునే కొలిచాను. లాభం... లాభం... ఒక్కో మాటకు ఒక గంపెడు బుడగలు. పైకి వచ్చేసరికి నాలుగు కొలిచాను. ఛాతీలో ఏ నొప్పీ లేదు.

"అదేంటి, కింద ఏదో పాడుతున్నారు?" అన్నాడు గురువు.

"వడ్లు కొలుస్తున్న."

"కొలవండి. ఎన్ని బస్తాలైనా కొలవండి."

బావ చెప్పిన పది రోజుల్లో ఎనిమిదో రోజు పొద్దున గురువూ నేనూ ఆ ఊరికి పోయాం. బావి మీద మూడు దూలాలు నిలబెట్టి గిరక కట్టారు. లాగడానికి ఐదుగురు కూలీలు. ఊరు సగం గట్టు మీదే ఉంది. నన్ను ఆ వేషంలో చూసి బావ చాలాసేపు నవ్వు ఆపుకుని, చివరికి ఆపుకోలేకపోయాడు. "బామ్మర్దీ, పెండ్లినాడు గూడ గింత ముస్తాబు గాలేదు గదరా."

నడుముకు తాడు కట్టారు. ఒకసారి గుంజితే బాగున్నానని, రెండుసార్లయితే గొలుసు లాగమని, మూడుసార్లయితే నన్ను లాగమని. మెట్లు దిగి నీళ్ళలో కూర్చుని, మునిగాను.

బావి డ్యామ్ లాంటిది కాదు. నాలుగు గజాలు దిగాక వెలుతురు పచ్చగా మారి, ఆ తరవాత గోధుమ రంగై, చివరికి నా చేతులు కూడా ఎవరివో అన్నట్టు కనబడ్డాయి. నీళ్ళు చల్లగా ఉన్నాయి. నా ఊపిరి నాకే పెద్దగా వినబడుతోంది, కొలిమి దగ్గర తిత్తి ఊదినట్టు. అడుగు తగిలింది. తడిమాను. మొదట చేతికి తగిలింది నేనమ్మిన గర్డరు. విరిగిన చోట వేలు పెడితే ఇనుము బిస్కెట్టులా పొడి పొడిగా రాలింది. ఆ చీకట్లో దాన్ని చూసేవాళ్ళెవరూ లేకపోయినా సిగ్గేసింది.

మోటరు దాని కింద ఉంది. బురద దోసిళ్ళతో తోడాను. తోడినకొద్దీ కళ్ళ ముందు అంతా నల్లగా అయింది. ఇక చూపు లేదు, చేతులే. గొలుసు మోటరు నడుము కిందుగా దూర్చి, చుట్టి, కొండి బిగించాను. తాడు రెండుసార్లు గుంజాను.

గొలుసు బిగిసింది. మోటరు కదిలింది. గర్డరు కూడా కదిలింది. అంతలో ఠప్పుమని చప్పుడు, గొలుసు వదులై నా భుజం మీద పడింది. గర్డరు ఒరిగి నా కుడి రబ్బరు పాదాన్ని బురదలోకి నొక్కేసింది.

ఆ క్షణంలో ఏం చేశానంటే, గట్టిగా పీల్చి, బిగబట్టాను. పైకి దూకాలని ఒళ్ళంతా ఒకటే గోల. గురువు చెంపదెబ్బ ఆ చెంప మీదే మళ్ళీ మండినట్టయింది. "లాభం," అన్నాను గొట్టంలోకి. బుడగలు పోయాయి. పాదంలోంచి కాలు మెల్లగా ఊడదీసుకున్నాను. తాడు మూడుసార్లు గుంజి, చిన్న బుడగల వెనకే కొలుచుకుంటూ పైకి వచ్చాను. ఆరు కొలిచేసరికి వెలుతురు, ఏడుకు ముఖాలు.

గొలుసు కొస చూశారు. లంకె ఒకటి తెగింది. అది కూడా మా అంగడిదే.

బావ మెట్ల మీద నీళ్ళ దాకా దిగి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. ఆయన ముఖంలో పొద్దుటి నవ్వు లేదు. "సాలు బామ్మర్దీ. వరి పోతే పోనీ. ఏడాదికి రెండుసార్లు అస్తది. మీ అక్కకు నేనేం జెప్పుకోవాలె?"

పైన అక్క కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. రావద్దని చెప్పినా వచ్చింది.

నాకు కూడా చాలనిపించింది, అబద్ధం చెప్పను. కానీ మోటరు కదిలింది. బురద పట్టు వదిలింది, గర్డరు పక్కకు పోయింది. సగం పని అయిపోయిన మాలు అట్లా వదిలేసి రావడం నాకు చేతకాదు. "నైలాన్ తాడు రెండు పేటలు జేసి ఇయ్యుండ్రి," అన్నాను. రెండో సిలిండరు కట్టుకుని, ఒక రబ్బరు పాదంతోనే దిగాను.

ఈసారి పది నిమిషాలు కూడా పట్టలేదు. తాడు కట్టి, దూరంగా గోడకు ఆనుకుని, రెండుసార్లు గుంజాను. నల్లటి నీళ్ళలో ఒక పెద్ద బరువు నన్ను దాటి పైకి పోవడం చూడలేదు, చర్మంతో తెలుసుకున్నాను. తరవాత నేను కూడా కొలుచుకుంటూ వచ్చాను. తొందరపడలేదు. చేతిలో గాలి ఉంది, వదులుతూ పోయాను. ఇంత గాలి ఉత్తగా పోతున్నా నాకేమీ అనిపించకపోవడం అదే మొదటిసారి.

గట్టు మీద మోటరు బురద కారుతూ కూర్చుంది. దాని ఫ్యానులోంచి ఒక కప్ప దూకింది. జనం ఈలలు వేశారు. అక్క నా తల తుడిచింది, చిన్నప్పుడు తుడిచినట్టు కాదు, గిన్నె తోమినట్టు. "ఇంకోపారి దిగితే కాళ్ళు ఇరగ్గొడత," అంది. బావ నా పక్కన కూర్చుని, జనానికి వినబడేట్టు అన్నాడు. "హైదరాబాదోడు మోసం జేసిండు గని, మా బామ్మర్ది నిలబెట్టిండు."

"హైదరాబాదోడు లేడు," అన్నాను నేను, అంతే గట్టిగా. "గర్డర్లు నేనిచ్చినయే. పాతయి. రంగు పూసిచ్చిన."

జనమంతా బావ వైపు తిరిగారు. తరవాత ఒక ముసలాయన, "గట్లనా సేటూ? నాకిచ్చినయి ఎసుంటియి మరి?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఆ నవ్వు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

నీళ్ళు తాగిన మోటరుకు కొత్త రాగి తీగ చుట్టు కట్టించడానికి రెండు రోజులు పట్టింది. కొత్త గర్డర్లు, నిజంగా కొత్తవి, వేయించాను. పదకొండో రోజు నీళ్ళు పారాయి. చివరి రెండు మళ్ళు తాలు పోయాయి, మిగతా వరి నిలిచింది.

కోతలయ్యాక అక్క లెక్క చెప్పమంది. చెప్పాను. సిలిండర్లలో ఐదుసార్లు గాలి నింపినందుకు, రెండు వందలు. బస్సులూ లగేజీ, ఎనభై ఆరు. తెగిన గొలుసు, అమ్మే ధర కాదు, కొన్న ధర, నూట నలభై. కూలీలు, నూట ఇరవై ఐదు. మోటరు చుట్టు, ఆరు వందల యాభై. గర్డర్లు, ఏడు వందల ఎనభై. గురువుకు మూడు వందలు. ఆయన అడిగిందే ఇచ్చాను, రూపాయి తగ్గించలేదు. చెవిలో నీరు పట్టి డాక్టరుకు నలభై ఐదు. తాలు పోయిన మళ్ళకు రెండు బస్తాల వడ్లు, రెండు వందల డెబ్బై. అంగడి మూసిన ఆరు రోజుల లాభం, మూడు వందల అరవై.

మొత్తం రెండు వేల తొమ్మిది వందల యాభై ఆరు. మోటరు తనది కాబట్టి చుట్టు పైసలు తనే ఇస్తానని బావ మొండికేసి ఆరు వందల యాభై నా జేబులో కుక్కాడు. మిగిలిన రెండు వేల మూడు వందల ఆరూ నావి. అందులో గాలి, బస్సు, గురువు, చెవి, తాలు, మూసిన అంగడి కలిపితే పన్నెండు వందల అరవై ఒకటి. అడిగిన మనిషికి అడిగిన ఎనిమిది వందలు ఇచ్చి ఉంటే ఆ ఖర్చు ఉండేది కాదు. మూడు వందలు మిగుల్చుకుందామని పోయి, ఆ ఎనిమిది వందలు తీసేసినా, నాలుగు వందల అరవై ఒక్క రూపాయి పోగొట్టుకున్నాను.